ముక్కమ్మ కూరిన గుమ్మడికాయలు

మా పెద్దమ్మకి అసహ్యం వేయనిది లోకంలో చాలా తక్కువ. ఎవరింటికైనా వెళ్లి మంచినీళ్లు తాగాలంటే ముందు గ్లాసు వెలుతురుకి ఎత్తి చూస్తుంది, తరవాత వాసన చూస్తుంది, ఆపైన "దాహం లేదులే" అంటుంది. విందులో పక్కనున్నవాళ్లు వేళ్లు నాకితే ఆమె భోజనం అక్కడితో సరి. గిన్నెలు తుడిచే గుడ్డని మూడుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించే మనిషి. పాలు విరగబోతున్నాయని పాలకంటే ముందే తన అక్కకి తెలుస్తుందని మా అమ్మ అనేది.

ఆమె పనిచేసిన బట్టల మిల్లు క్యాంటీన్‌లో అందుకే ఆమెను ముక్కమ్మ అని పిలిచేవారు. ఆ పేరులో ఉన్నది ముక్కు ఒక్కటే కాదు, ఇంకో వేళాకోళం కూడా ఉంది. మాంసం ముక్క ముట్టని మనిషికి ముక్కమ్మ అని పేరు. ఆమెకు రెండు అర్థాలూ తెలుసు, రెండింటికీ పలికేది.

ముక్క మానేయడం వెనక పెద్ద కథేమీ లేదు. పధ్నాలుగేళ్లప్పుడు ఆమెను ఒక కోళ్ల దుకాణంలో పనికి పెట్టారు. దుకాణం వెనక కిటికీ లేని గది, అందులో వేడినీళ్ల పీపా. కోసిన కోళ్లను ఆ నీళ్లలో ముంచి ఈకలు పీకాలి. తడి ఈకలు మోచేతుల దాకా అంటుకునేవి. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో ఆ వాసన ఉండిపోయేది. ఒక మధ్యాహ్నం డబ్బా విప్పి ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుకకి మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఈక. ఆమె జుట్టులోంచే రాలింది. ఆ రోజుతో దుకాణమూ మానేసింది, మాంసమూ మానేసింది.

"జాలితో కాదే, భక్తితోనూ కాదు. అసహ్యంతో మానేశాను" అని నాతో చాలాసార్లు చెప్పింది. జాలిపడి మానేసినవాళ్లు ఎప్పటికో ఒకప్పటికి మళ్లీ తింటారట. అసహ్యపడి మానేసినవాళ్లు చచ్చినా తినరట. ఇది ఆమె సిద్ధాంతం. దీని మీద ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది.

పెళ్లయింది మాత్రం ముక్క లేకపోతే ముద్ద దిగని మనిషితో. మా పెదనాన్న బస్సు డిపోలో మెకానిక్. చేతులకు ఎప్పుడూ గ్రీజు. పెళ్లయిన మొదటి వారంలోనే పెద్దమ్మ షరతు పెట్టింది. తినేది ఏదైనా వెనక వరండాలో తినాలి. వండుకునే బాణలి బయట మేకుకే వేలాడాలి. తిన్నాక రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, అప్పుడు గడప దాటాలి. వానాకాలంలో ఆయన ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ముక్క పట్టుకుని ఆ వరండాలో కూర్చోవడం నేను కళ్లారా చూశాను. ఒక్కరోజు కూడా నోరెత్తలేదు. ఇరవై ఆరేళ్లు అలాగే గడిచింది.

మిల్లు క్యాంటీన్‌లో ఆమెది కూరగాయల విభాగం. తరిగే బల్ల, రెండు పొయ్యిలు, ఒక తొట్టి ఆమె రాజ్యం. ఆ తొట్టిలో ఎవరైనా టీ గ్లాసు కడిగితే ఆ రోజంతా వాళ్లతో మాట్లాడేది కాదు. ఏడాది చివర సెలవులు ఇచ్చే ముందు రోజు మిల్లులో పెద్ద విందు చేసేవారు. మగ్గాలన్నీ పదకొండింటికే ఆపేసేవారు. మూడు వందల మంది జుట్టు మీది దూది నుసి దులుపుకుని, మొహాలు కడుక్కుని, రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే క్యాంటీన్ హాల్లోకి వచ్చి కూర్చునేవారు. విందులో ముఖ్యమైనది కోడి. పెద్ద పెద్ద కోళ్ల కడుపుల్లో బ్రెడ్డు, ఉల్లిపాయలు కలిపిన ముద్దను కూరి, గోడంత ఓవెన్‌లో ఎర్రగా కాల్చి తెచ్చేవారు. ముక్క తినని నలభై మందికి మాత్రం ఉడికించిన బఠాణీ, క్యారెట్. పండుగ పూట రోగుల తిండి.

పెద్దమ్మ ఆ విభాగంలో చేరిన ఏడాదే అది మార్పించింది. చిన్న గుమ్మడికాయలు, రెండు చేతుల్లో పట్టేంతవి, తలకాయలు కోసి, గింజలు తోడేసి, కోడిలో కూరినట్టే వాటిలోనూ ముద్ద కూరుదామంది. ముక్క లేని ముద్ద. ఎండిన బ్రెడ్డు ముక్కలు, ముప్పావుగంట సన్నమంట మీద వేగిన ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, దంచిన అక్రోటు పప్పు, కొంచెం పుల్లటి ఆపిల్, మిరియాలు, కూరగాయల తొక్కలు మరిగించిన నీళ్లు. వంట మాస్టర్ సరేనన్నాడు.

వంట మాస్టర్ అంటే ఆ క్యాంటీన్‌లో దేవుడి తరవాత దేవుడు. బొద్దుగా ఉండేవాడు. మెడలో తువ్వాలు, ఆ తువ్వాలుతోనే చెమట, దాంతోనే గరిటె. పెద్దమ్మ ఆ తువ్వాలు చూసి మొహం తిప్పుకునేది కానీ మనిషి మంచివాడు. ఎవరిమీదా అరిచేవాడు కాదు. పెద్దమ్మని "అమ్మాయ్" అని పిలిచేవాడు. రెండో ఏడు నుంచి బ్రెడ్డు ముక్కలు వేయించే పని మాత్రం తనే తీసుకున్నాడు. "ఓవెన్ దగ్గర వేడి, నీకెందుకు అమ్మాయ్, నువ్వు ఉల్లిపాయలు చూసుకో" అన్నాడు. ఆమె దాన్ని మర్యాద అనుకుంది.

అక్కడ నుంచి ఆ గుమ్మడికాయల పేరు మిల్లంతా పాకింది. దూది మూటలు తూచే పెద్దాయన ఉండేవాడు, నోట్లోంచి మంచి మాట రావడమే అరుదు. ఆయన రెండోసారి అడిగి వేయించుకునేవాడు. టైమ్‌కీపర్ అయితే విందుకి వారం ముందు నుంచే గుమ్మడికాయలు వచ్చాయా అని అడిగేవాడు. కుట్టు విభాగంలో పనిచేసే పెద్దావిడ ఏటా ఎలా చేస్తావో చెప్పమని వెంటపడేది. పెద్దమ్మ దాచుకోకుండా చెప్పేది. "ఉల్లిపాయ దగ్గర తొందరపడకూడదండీ, అంతే, ఇంకేం లేదు." మా అమ్మ కూడా ఆమె చెప్పినట్టే ఒకసారి ఇంట్లో చేసింది. చప్పగా, తడి అట్టముక్కలా వచ్చింది. "నీకు ఓపిక లేదు" అని పెద్దమ్మ తేల్చేసింది.

ఏటా ఒక డబ్బా నిండా ఇంటికి తెచ్చుకునేది. రెండు రోజులు దాచుకుని, వంటింట్లో నిలబడి, చల్లగానే, వేళ్లతోనే తినేది. అప్పుడు మాత్రం వేళ్లు నాకేది. నేను చూశాను. ఎవరూ చూడలేదనుకుని ఒక్కో వేలూ చివరిదాకా నాకేది.

పన్నెండో విందు వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందు వంట మాస్టర్ తడి నేల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఇంటి దగ్గర ఉండమన్నా వినలేదు. పిండికట్టుతోనే వచ్చి, ఓవెన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పనులు పురమాయించాడు. విందు రోజు ఉదయం ఎనిమిదింటికి పెద్దమ్మ ఉల్లిపాయలు బాణలిలో వేసి చూస్తే, ఆయన బ్రెడ్డు ట్రేల ముందు నిలబడి ఎడంచేత్తో ఒక వెన్న డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాడు. డబ్బాని పొట్టకి ఆనించుకుని, మొహం ఎర్రగా చేసుకుని తిప్పుతున్నాడు. మూత రావడం లేదు. పెద్దమ్మ వెళ్లి చెయ్యి చాపింది. ఆయన వద్దన్నాడు. తను తీస్తానన్నాడు, ఉల్లిపాయలు మాడుతున్నాయన్నాడు. అవి మాడడం లేదని ఆమె ముక్కుకి తెలుసు. డబ్బా లాక్కుని ఒక్క తిప్పు తిప్పింది.

మూత రాగానే వాసనకే తెలిసిపోయింది. అయినా లోపలికి చూసింది. పైన పసుపు రంగులో గడ్డకట్టిన కొవ్వు. అంచు దగ్గర వేలితో నొక్కితే వణికే గోధుమరంగు జిగురు. ఆ జిగురులో చర్మం ముక్క ఒకటి, దానికి పీకకుండా వదిలేసిన ఈక మొదలు, సూదిమొనంత, నల్లగా నిలబడి ఉంది.

"ఇది కోళ్లలో వేసేదా?" అని అడిగింది.

మాస్టర్ అవునని ఉంటే సరిపోయేది. ఆయనకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. అడగనిదానికి మాట్లాడకుండా ఊరుకోవడం ఒక్కటే వచ్చు. ఆయన ట్రేల వైపు చూశాడు. ట్రేల మీద ఎడంవైపున సుద్దతో గుండ్రంగా గీసి ఉంది. అది గుమ్మడికాయల బ్రెడ్డు అని గుర్తు. ఆమె గీసిందే.

"పదకొండేళ్లు?"

"పది" అన్నాడు మాస్టర్. "మొదటి ఏడు వేయలేదు."

పెద్దమ్మ డబ్బా కింద పెట్టి, వెనక తలుపు తీసుకుని, మురుగు కాలువ దగ్గరకు వెళ్లింది. పొద్దున తాగిన టీ తప్ప బయటికి రావడానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు వచ్చింది. పది పండుగలు కడుపులోంచి వెళ్లాలని ప్రయత్నిస్తున్నట్టుందని తరవాత నాతో అంది. తను ఏటేటా తిన్న ఆ కొవ్వు ఎప్పుడో రక్తంలో, జుట్టులో, గోళ్లలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని కక్కడానికి వీల్లేదు. అది తలచుకుంటే తన చేతుల మీదే తనకి రోత పుట్టింది. సబ్బు పెట్టి రుద్దింది. రుద్దిన చేతులు కూడా ఆ కొవ్వుతో తయారైనవే కదా అనిపించింది.

మాస్టర్ ఆమె వెనకే తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు.

"మొదటి ఏడాది నీ గుమ్మడికాయలు ఎవరూ తినలేదు అమ్మాయ్" అన్నాడు. "నీకు గుర్తుందా? ప్లేట్లు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి. నువ్వు ఈ తొట్టి దగ్గర నిలబడి ఏడుస్తూ కడిగావు. నేను చూడలేకపోయాను. మరుసటేడు ఈ కొవ్వు ఒక్క గరిటెడు వేశాను. అందరూ మెచ్చుకున్నారు. నీ మొహం చూశాక ఇంక ఎలా ఆపను?"

ఆమెకు గుర్తుంది. ఏడ్చిందీ గుర్తుంది, మరుసటేడు తనే లోకాన్ని జయించినట్టు తిరిగిందీ గుర్తుంది. మోసం చేసినవాడు దుర్మార్గుడైతే నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవచ్చు. ఈయన జాలిపడి చేశాడు. తన మొహం చూసి, తన ఏడుపు చూసి, తువ్వాలుతో తుడిచిన ఆ గరిటెతో జాలి వడ్డించాడు. ఆ జాలిని కూడా తను పదేళ్లు నాకి నాకి తిన్నదన్నమాట. "మీరు నాతో మాట్లాడకండి మాస్టారూ" అంది. ఆయన్ని తప్పుకుని లోపలికి వెళ్లింది.

విందు పన్నెండున్నరకి. బ్రెడ్డు ఇంకా వేయించలేదు కాబట్టి అది పనికొస్తుంది. ట్రేలను మాత్రం ఆమె నమ్మలేదు. వేడినీళ్లు పోసి, పీచుతో తోమి, గోళ్లతో మూలలు గీకి, ఒక్కో ట్రేని నాలుగుసార్లు కడిగింది. మూలల్లో పాత జిడ్డు నల్లగా పొరలు పొరలుగా ఉంది. గీకుతుంటే గోళ్ల కిందికి వచ్చింది. కొట్టు గదిలోంచి కొత్త వెన్న, విప్పని పొట్లం, తనే తెచ్చుకుంది. బ్రెడ్డు వేయించింది, ఉల్లిపాయలు కలిపింది, పుట్టగొడుగులు, అక్రోటు, ఆపిల్, మిరియాలు. అంతా ఎప్పటి కొలతే. కలిపి, చల్లార్చి, చిటికెడు నోట్లో వేసుకుంది.

చప్పగా ఉంది.

ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. అయినా ముద్ద నాలుక మీద నిలబడడం లేదు. ఇంకొన్ని ఉల్లిపాయలు వేయించింది, ఈసారి ఇంకా ఎర్రగా. మిరియాలు పెంచింది. పుట్టగొడుగులను పెనం మీద నీళ్లు ఇంకిపోయేదాకా వేయించి కలిపింది. కొంచెం మెరుగు, కానీ అది కాదు. నోరు ఇంకేదో అడుగుతోంది. ఏమిటో ఆమెకి తెలుసు. పక్కన ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన కోళ్ల ట్రే ఉంది, దానడుగున బంగారు రంగులో కారిన కొవ్వు చిటపటమంటోంది. ఆ వాసన ఎప్పుడూ ఆమెను తరిమేది. ఆ ఉదయం మాత్రం అదే వాసన తన గుమ్మడికాయల వాసనలా, ఏటా డబ్బాలో తెచ్చుకుని తిన్న వాసనలా వచ్చింది. నోట్లో నీళ్లూరాయి. తన చేతిలో గరిటె ఉందని, తన కళ్లు ఆ ట్రే మీద ఉన్నాయని అప్పుడు గమనించింది. గరిటె తొట్టిలో పడేసి, ముద్దంతా ఉన్నది ఉన్నట్టే గుమ్మడికాయల్లో కూరేసింది. కూరుతున్నంతసేపూ తన చేతుల వైపు చూడలేదు.

పదకొండింటికి క్యాంటీన్ మేనేజర్ గదికి వెళ్లింది. ఆయన రుచి చూసే నెపంతో మొదటి ట్రేలోంచి ఒక కోడికాలు తెప్పించుకుని తింటున్నాడు. పెద్దమ్మ గుమ్మం దగ్గరే నిలబడి అంతా చెప్పింది. ఆయన నములుతూ విన్నాడు. ఆ పెదవులు మెరుస్తున్నాయని, మాట్లాడినప్పుడల్లా ముక్క పళ్ల సందులో కనిపించేదని పెద్దమ్మ నాకు వర్ణించి చెబుతుంటే ఆమె మొహమే వంకర పోయింది. ఈసారి వేయలేదు కదా, ఇంకేమిటి సమస్య అన్నాడాయన. పండుగ పూట నలుగురూ సంతోషంగా తింటుంటే పాత సంగతులు తవ్వడం దేనికన్నాడు. ఇన్నేళ్లలో ఎవరికైనా కడుపునొప్పి వచ్చిందా అన్నాడు. చివరికి వేళ్లు ఒక ఫైలు అట్టకి తుడుచుకుని, ఆ అట్ట మీద నాలుగు జిడ్డు చారలు మిగిల్చి, వెళ్లి పని చూసుకోమన్నాడు.

వెళ్లింది. పని చూసుకుంది. పన్నెండున్నరకి నలభై గుమ్మడికాయలూ హాల్లోకి వెళ్లాయి. వడ్డన తను చేయనక్కర్లేదు, అయినా ముక్క తిననివాళ్ల బల్ల దగ్గరే నిలబడింది. వాళ్లు ఒక్కో చెంచా తీసుకోవడం, నమలడం, నములుతూ నములుతూ నెమ్మదించడం చూస్తూ నిలబడింది. తూకం పెద్దాయన నీళ్లు తాగాడు. టైమ్‌కీపర్ మాత్రం తలెత్తి, నొప్పించకుండా చెప్పాలన్నట్టు, "ఈసారి చెయ్యి తప్పిందేమమ్మా" అన్నాడు.

మేనేజర్ చెప్పినట్టు నవ్వి ఊరుకుంటే అయిపోయేది. వచ్చే ఏడుకి బాగా చేస్తానంటే అయిపోయేది. కానీ ఆ మాటకి ఆమెకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వేసింది. చెయ్యి తప్పిందట. ఇన్నాళ్లలో ఆ చెయ్యి సరిగ్గా చేసింది ఈ ఒక్కరోజే.

"ఇన్నాళ్లూ బాగున్నది నా చేతి వల్ల కాదండీ" అంది. "కోడి కొవ్వు వల్ల. పదేళ్లుగా వేస్తున్నారట. నాకూ ఈ పొద్దునే తెలిసింది. నేనూ తిన్నాను."

గొంతు పెంచలేదు. అయినా ఆ బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది. పక్క బల్లల దాకా మాట పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. కోడి తినేవాళ్ల వైపు నుంచి ఎవరో నవ్వారు. ముక్కమ్మ పేరు నిలబెట్టిందిరా అని ఎవరో అన్నారు, అక్కడ ఇంకా కొందరు నవ్వారు. తూకం పెద్దాయన చెంచా ప్లేటు పక్కన మెల్లగా పెట్టి, లేచి, కుళాయిల దగ్గరకు వెళ్లాడు. ఆ రోజు తిన్నదాంట్లో ఏమీ లేదు. అయినా ఆయన పుక్కిలిస్తూనే ఉన్నాడు. పది నిమిషాలు పుక్కిలించాడు. చొక్కా ముందు భాగమంతా తడిసిపోయింది.

కుట్టు విభాగం పెద్దావిడ ఏడవలేదు, కోప్పడలేదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోమంది.

"చెప్పకుండా ఉండాల్సిందమ్మా. వచ్చే నెల నేను రిటైర్ అవుతున్నాను. తెలియకుండానే వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఇది కడుపులో పెట్టుకుని ఇంకా ఎన్నేళ్లు బతకాలో చూడు. నీ కడుపుబరువు తీర్చుకోవడానికి నా కడుపులో వేశావు."

 అలాంటి ఆలోచనే పెద్దమ్మకి రాలేదు. తెలిస్తే చెప్పాలి, అంతే అనుకుంది.

ప్లేట్లు తీసేశాక, తొట్టి దగ్గర ఆమె ఒక్కతే ఉన్నప్పుడు టైమ్‌కీపర్ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, పాత పద్ధతిలో చేసినది ఏమైనా పక్కన పెట్టారా అని అడిగాడు. ఎలాగూ పదేళ్లు తిన్నాను కదా, ఇంకొక్కసారి తింటే ఏం కొత్తగా పోతుంది అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. పెద్దమ్మ ఆయన మొహం చూసింది. ఆ మొహం మీదున్నది ఆశ. పొద్దున ట్రే ముందు గరిటె పట్టుకుని నిలబడ్డప్పుడు తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుంది.  లేదండీ అని మాత్రం అంది.

నాలుగింటికి ఇంటికి వచ్చింది. సెలవులకి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. చెప్పులు విప్పకుండానే స్నానాల గదిలోకి వెళ్లి పళ్లు తోముకుంది. బయటికి వచ్చి, మళ్లీ వెళ్లి తోముకుంది. మూడోసారి వెళ్లబోతుంటే పెదనాన్న అడ్డం వచ్చి ఏమైందని అడిగాడు. నిలబడే చెప్పింది, మొదటి నుంచి చివరి దాకా. నేను పెదనాన్న వైపే చూస్తున్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వే హక్కు లోకంలో ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది.

ఆయన నవ్వలేదు. "నేను ఇరవై ఆరేళ్లు వానలో కూర్చుని తిన్నాను" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు.

"మీరు తెలిసి తిన్నారు. నేను తెలియక తిన్నాను."

"నోటికి తెలియలేదా?"

పెద్దమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "బాగుండేది" అంది. "అంత బాగున్నది నా జన్మలో తినలేదు."

అప్పుడు కూడా ఆయన నవ్వలేదు. కిటికీ తలుపులు రెండూ బార్లా తీసి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. వారం రోజులు ఆయన కూడా ముక్క తినలేదు. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎనిమిదో రోజు బాణలి తీసుకుని వెనక్కి వెళుతుంటే పెద్దమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

సెలవులయ్యాక పెద్దమ్మ పనిలోకి వెళ్లింది. మానేస్తుందని మా అమ్మ అనుకుంది. మానేస్తే ఆ ట్రేలను ఎవరు చూస్తారు అంది పెద్దమ్మ. తూకం పెద్దాయన పట్టుబట్టి పదిహేను మంది చేత సంతకాలు పెట్టించి మేనేజర్‌కి ఇచ్చాడు. ముక్క తినేవాళ్ల పాత్రలు వేరు, తిననివాళ్ల పాత్రలు వేరు, వాళ్లకో చిన్న ఓవెన్ వేరుగా కావాలని. మేనేజర్ మూడు నెలలు ఆ కాగితాన్ని కదపలేదు. ఆఖరికి ఆయన బదిలీ అయ్యాక వచ్చినవాడు ఒప్పుకున్నాడు. కొత్త ట్రేలకి ఆకుపచ్చ రంగుతో గుర్తు వేసింది మాస్టర్. పిండికట్టు తీసినా మణికట్టు ఇంకా సరిగ్గా తిరగదు. ఎడంచేత్తో, వంకరటింకరగా, ఒక్కోదాని మీద గుర్తు వేసి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు. అయిదు నెలలు వాళ్లిద్దరూ పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. తరవాత మాట్లాడుకున్నారు కానీ ఆయన ఇచ్చిన టీ ఆమె మళ్లీ తాగలేదు.

మరుసటేడు విందుకి గుమ్మడికాయ కావాలని పేరు రాయించుకున్నవాళ్లు పంతొమ్మిది మంది. మిగతావాళ్లు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. టైమ్‌కీపర్ కోళ్ల బల్లకి మారిపోయాడు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, ఆ మూల కుర్చీలో కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా తిన్నాడట. పెద్దమ్మ ముద్దలో మార్పులు చేస్తూ పోయింది. పుట్టగొడుగులను ఎండబెట్టి పొడి చేసి కలిపింది, వెల్లుల్లిని పొట్టుతోనే కాల్చి వేసింది, ఉల్లిపాయను గంటన్నర వేయించింది. నాలుగైదేళ్లకి అది నిజంగానే బాగా వచ్చింది. తూకం పెద్దాయన రిటైరయ్యే ఏడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. దాంతో ఆమె పొంగిపోయిందేమో అనుకుని అడిగితే, లేదంది. ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పుడు ముందు ఆ ట్రేలు చూస్తానంది. తను మాత్రం నాలుక మీద వేసుకుని ఉప్పు చూసి, ఉమ్మేసేది. ఇంటికి డబ్బా తీసుకురావడం మానేసింది.

ఆమె ఆ మిల్లు నుంచి రిటైరయ్యాక ఒకరోజు ఇద్దరం కలిసి బజారుకి వెళ్లాం. సందు మలుపులో కోళ్లు కాల్చి అమ్మే దుకాణం ఉంది. అద్దాల వెనక కడ్డీలకు గుచ్చిన కోళ్లు తిరుగుతుంటాయి, కిందున్న పళ్లెంలో జిడ్డు కారుతుంటుంది. ఆ పక్క నుంచి వెళుతుంటే పెద్దమ్మ ఆగిపోయింది. అసహ్యంతో ఆగిందేమో అనుకున్నాను. ఆమె గొంతు కదిలింది, మింగింది.

"ఇప్పటికీ నోట్లో నీళ్లూరతాయే" అంది, నా వైపు చూడకుండా. "ఇన్నేళ్లయింది. నాకు ఆ కోడి మీద లేదు అసహ్యం. ఆ మాస్టర్ మీద కూడా లేదు. ఇదిగో, ఈ నోటి మీద."

రోడ్డు పక్కకి వెళ్లి ఉమ్మింది. ఆమె రోడ్డు మీద ఉమ్మడం అంతకుముందు నేను ఎన్నడూ చూడలేదు. వెనక వీధిలోంచి పోదాం పద అంది. ఆ దారి చాలా చుట్టు, పైగా ఎండ. అయినా అటే వెళ్లాం. ఆ తరవాత ఆమెతో ఎప్పుడు బజారుకి వెళ్లినా అటే వెళుతున్నాం.